ఎదురుగా ఉన్నదే పట్టే మైకు

కొత్తూరు,
4-9-1988

చిరంజీవి కొండబాబుకు వదిన సీతాలు రాసేది.

ఇక్కడ అందరం ఉన్నాం. క్షేమమని రాయాలి గాని ఈసారి రాయలేను. మీ అన్నయ్య గొంతు బొంగురుపోయి మూడు నెలలైంది. మిరియాల కషాయం తాగించాం. సోనేపూర్ దారిలో ఉన్న వైద్యుడి పొడి వాడాం. తగ్గలేదు. పోయిన నెల బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. గొంతులోకి అద్దం పెట్టి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నిన్న మళ్ళీ వెళితే చెప్పారు. ఆ జబ్బు పేరు రాయను. నీకు అర్థమవుతుంది.

మాట పుట్టే చోటే పుండుందట. ఆ భాగం మొత్తం తీసేస్తారు. మెడ కింద చిల్లు పెడతారు, ఊపిరి అక్కడి నుంచి తీసుకోవాలి. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం ఇక ఉండదు. నవంబరు 21న ఆపరేషను.

మీ అన్నయ్య డాక్టరుతో ఒక్క మాటే అన్నాడు. "కోతలయ్యాక సెయ్యకూడదా బాబూ, కళ్ళాలు ఒగ్గీసి ఎలగొస్తాను?" అని. ఆ డాక్టరు ఒడియాలో కసిరాడు. బస్సులో తిరిగొచ్చాం. దిగే ముందు, "తవిటమ్మకి గాజులు తెస్తానన్నావు, తెచ్చినావేటి?" అని అడిగాడు. మరిచిపోయానన్నాను.

నీ సాయం ఒకటి కావాలి. నువ్వు పోయినేడు పంపిన టేప్ రికార్డరులో ఆయన గొంతు పట్టి ఉంచాలనుకున్నాను. ఆయనకు తెలియకుండా ఒకసారి నొక్కి చూశాను. వాయిస్తే లోపల తిరిగే మోటారు చప్పుడు ధాన్యం మిల్లులా వినిపించింది, మాట దాని వెనక ఎక్కడో ఉంది. బరంపురంలో దుకాణం వాడు విడిగా మైకు పెడితే బాగా పడుతుందన్నాడు. మూడు రకాలు చూపించాడు. నాకు తెలియలేదు. నువ్వు మిషన్ల మధ్య ఉండే మనిషివి, నువ్వే చూసి పంపు. నవంబరు 21 లోపల అందాలి.

తవిటమ్మ మూడో తరగతిలోకి వచ్చింది. గేదె ఈనింది, దూడ బతకలేదు.

ఉంటాను,
సీతాలు.

సూరత్,
16-9-1988

వదినకు కొండబాబు నమస్కారాలు.

నీ ఉత్తరం వారం కిందట అందింది. షిఫ్టుకు వెళ్ళే ముందు చదివాను. పన్నెండు గంటలు మరమగ్గాల దగ్గర నిలబడి వచ్చి మళ్ళీ చదివాను. దుకాణాలు తిరిగాక రాద్దామని ఆగాను. అందుకే ఆలస్యం. మైకు సంగతి రాస్తాను.

ఆదివారం స్టేషను దగ్గర దుకాణాలన్నీ తిరిగాను. మైకుల్లో రెండు జాతులు. ఒకటి లోపల తీగచుట్ట ఉన్నది. బరువుంటుంది, కింద పడినా చెడదు, కాని నోటికి ఆనించి గట్టిగా అరవాలి. పెళ్ళిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు వాడేది అదే. రెండోది సన్నగా పెన్నులా ఉంటుంది. అందులో పెన్సిలు బ్యాటరీ వేయాలి. చిన్న మాట కూడా పడుతుంది. ఈ రెండో జాతిలో మళ్ళీ రెండు రకాలు. ఒకటి నాలుగు దిక్కుల చప్పుడూ తీసుకుంటుంది. ఇంకొకటి ఎదురుగా ఉన్నదే తీసుకుంటుంది, వెనక ఏం జరిగినా దానికి పట్టదు.

దుకాణం ముసలాయన, ఏం రికార్డు చేస్తావో చెప్పు, మైకు నేను చెబుతాను అన్నాడు. మా అన్న ధాన్యం కొలుస్తాడు, ఆ కొలత చెప్పే గొంతు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అక్కడే నిలబడి చేసి చూపించాను. కుంచం నింపి పోస్తూ, మొదటిదానికి ఒకటి అనరు, లాభం అంటారు. రెండో కుంచం పడేదాకా "లాభం, లాభం, లాభం" అంటూనే ఉండాలి. పడ్డాక "రెండు, రెండు, రెండు." ఆ గొంతు ఆగితే లెక్క పోయినట్టే. అందుకని కొలిచేటప్పుడు కళ్ళంలో ఇంకెవరూ నోరు విప్పరు. ఇదంతా చెబితే దుకాణంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోమేశ్వరరావు గారంతటి పెద్ద రైతు కళ్ళం నుంచి హుమ్మ ఊరి ఉప్పు కుప్పల దాకా అన్నయ్య కొలిచినదాన్ని మళ్ళీ కొలిచినవాడు లేడు. ఆ గొంతు టేపులో ఉండాల్సిందే. నువ్వు మంచి ఆలోచన చేశావు.

ఇవి రాయి. టేప్ రికార్డరు పక్కన మైకు బొమ్మ ఉన్న చిల్లు ఎంత ఉంది? ఎక్కడ కూర్చుని చేస్తారు, వసారాలోనా, లోపలా? చుట్టుపక్కల ఏం చప్పుళ్ళు ఉంటాయి?

అన్నయ్యను చుట్ట మానమను.

కొండబాబు.

కొత్తూరు,
30-9-1988

కొండబాబుకు వదిన ఆశీస్సులు.

చిల్లులో అగ్గిపుల్ల తల పోతుంది, చిటికెన వేలి కొస పోదు. కాగితం అదిమి గుండ్రం తీశాను, ఈ ఉత్తరం వెనక అంటించాను, చూసుకో.

ఆ పని చేస్తుంటే మీ అన్నయ్య వచ్చి నిలబడ్డాడు. "ఏటే, పెట్టిలో పేను దూరిందేటి, పుల్లెట్టి కెలుకుతున్నావు?" అన్నాడు. చెప్పక తప్పలేదు. వంగి చిల్లు వంక చూశాడు. తరవాత "ఆడికి సూరత్తులో ఇంకేటి పని నేదా?" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

పక్కింటి కాసమ్మకు తెలిసింది. "మాట పోయే మనిసికి మందు కొనాల గాని మైకేటమ్మా?" అంది. నేను చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

చప్పుళ్ళు అడిగావు. గేదె ఉంది. కాసమ్మ మేకలున్నాయి. తెల్లారేసరికి సోనేపూర్ నుంచి ఎండుచేపల లారీలు పోతాయి, పది గంటలకు తగ్గుతాయి. నా రోకలి ఉంది. తవిటమ్మ ఉంది, అది నిద్రలో తప్ప ఆగదు. చేస్తే వసారాలోనే చేయాలి, లోపల వెలుతురు లేదు.

గొంతు పోయిన నెల కంటే తగ్గింది. పొద్దున కొంచెం బాగుంటుంది. అన్నం తిన్నాక గాలి ఎక్కువ, మాట తక్కువ.

ఇంకొకటి. కొలతే అవ్వాలని లేదు. ఇంట్లో మాట్లాడేది ఏదైనా పరవాలేదు. నీకెలా వీలైతే అలా చూడు.

సీతాలు.

సూరత్,
14-10-1988

వదినకు నమస్కారాలు.

గుండ్రం అందింది. మైకు తీగకు చిన్న పిన్నే సరిపోతుంది. ముసలాయన నీ కాగితం చూసి, మీ వదినను నా దుకాణంలో పనికి పంపు అన్నాడు.

ఏదైనా పరవాలేదని రాశావు. నా దగ్గర మొహమాటపడకు. ఏదో ఒకటి పంపి చేతులు దులుపుకునే పని కాదు ఇది. నువ్వు రాసిన చప్పుళ్ళన్నీ చూశాక నాకు తేలిపోయింది. నాలుగు దిక్కులా పట్టేది పెడితే అన్నయ్య కొలతలో మేకలు అరుస్తాయి, నువ్వు దంచుతుంటావు, తవిటమ్మ ఏడుస్తుంది. పదేళ్ళ తరవాత వినేవాళ్ళకు అన్నయ్య గొంతు కావాలి, ఇల్లు ఎందుకు? కాబట్టి ఎదురుగా ఉన్నదే పట్టేది తీసుకుంటున్నాను. ఇక్కడ ఉన్నవి నాసిరకం. ఒకటి కొని మా గదిలో పరీక్ష చేశాను, పాములా బుసకొట్టింది. తిరిగి ఇచ్చేశాను. మంచిది బొంబాయి నుంచి రావాలి, రెండు వారాలన్నాడు. ఆలస్యమవుతుందని కంగారు పడకు. మన వీధి జగ్గన్న దీపావళి అయ్యాక ఊరికి వస్తున్నాడు. అతని చేతికి ఇస్తాను. పార్సిలులో వేస్తే ఎవరి కాలి కింద పడుతుందో తెలియదు.

ఇక్కడ ఈసారి దసరాకు సెలవు ఒక పూటే. గదిలో ఎనిమిది మందిమి. పక్కవాడు మాట్లాడితే అరవమంటున్నాను ఈ మధ్య. మగ్గాల దగ్గర అందరికీ అంతే.

నీ మరిది,
కొండబాబు.

కొత్తూరు,
28-10-1988

కొండబాబుకు,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. అంతా విని, కొలత చెప్పడం కుదరదన్నాడు. "ధాన్నెం నేకుండా లాబం అంటావేటి? కాలీ కుంచం ముందర లాబం అంటే ఇంట్లో ఉన్నదీ ఎల్లిపోద్ది. నానలాటి పని సెయ్యను" అన్నాడు. వరి ఇంకా పాలు పోసుకుంటోంది. కోతకు పుష్యం రావాలి. అంతదాకా గొంతు ఉండదు. మన గాదెలో తిండికి ఉన్నది నాలుగు కుంచాలు.

అందుకని కొలత లేకపోయినా సరేనేమో. నువ్వేమంటావో రాయి.

తవిటమ్మ రోజూ పోస్టుమాను దగ్గరకు పరుగెడుతోంది, మైకు కవరులో వస్తుందనుకుంటోంది. మీ అన్నయ్య దాంతో "ఒలే, మైకొస్తే ముందు నీ నోటికి కట్టేస్తాను" అన్నాడు. ఆ మాట అనడానికి రెండు సార్లు ఆగాడు.

సీతాలు.

సూరత్,
10-11-1988
(జగ్గన్న చేతికి)

వదినకు,

మైకు వచ్చింది. పరీక్ష చేశాను. మా గది బయట బోరింగు కొడుతున్నా ఆ చప్పుడు పడలేదు, నా మాట ఒక్కటే పడింది. ఇంతకంటే మంచిది దొరకదు. నూలు గుడ్డలో చుట్టి పెట్టాను. తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు, బ్యాటరీలు నాలుగు ఉన్నాయి.

కొలతకు దారి ఉంది. సోమేశ్వరరావు గారి పాత ధాన్యం ఏటా ఈ రోజుల్లో మిల్లుకు తోలతారు. ఎలాగూ కొలవాల్సిందే. ఆ బండ్లు మన వాకిట్లో ఆపి కొలిపించమని అడుగు. అన్నయ్య అంటే ఆయన కాదనరు.

చేసే పద్ధతి, వరసగా రాస్తున్నాను. తప్పకుండా ఇలాగే చెయ్యి.

1. మైకు మెడ మీద ఉన్న బటను పైకి తొయ్యాలి. తొయ్యకపోతే ఏమీ పడదు.
2. మైకుకు స్పాంజి టోపీ పెట్టి, అన్నయ్య నోటికి జానెడు దూరంలో, ఎదురుగా పీట మీద ఉంచాలి. మిగతావాళ్ళు వెనక ఉండాలి.
3. ముందు కాసేపు ఏదో ఒకటి మాట్లాడించి, వాయించి పరీక్ష చెయ్యాలి.
4. బాగా పడిందనుకుంటే మళ్ళీ మొదటికి తిప్పి, అక్కడి నుంచి అసలుది చెయ్యాలి. ఒక్క నిమిషం టేపు కూడా వృథా కాకూడదు.
5. నాలుగు పక్కలూ నిండాక క్యాసెట్ల వెనక ఉన్న చిన్న ముక్కలు కత్తితో విరిచెయ్యాలి. విరిస్తే ఇక ఎవరూ పొరపాటున చెరపలేరు.

ఆపరేషను నాటికి నేను రావాలి. షేటును అడిగాను. పోతే మగ్గాలు ఇంకొకరికి ఇస్తానన్నాడు. రాలేకపోతున్నాను. అన్నయ్యకు ఈ సంగతి ఎలా చెబుతావో నీ ఇష్టం.

కొండబాబు.

కొత్తూరు,
19-11-1988

కొండబాబుకు వదిన రాసేది.

జగ్గన్న పద్నాలుగున వచ్చాడు. అన్నీ అందాయి, ఏమీ విరగలేదు. నువ్వు రాని సంగతి చెప్పాను. "ఆడొస్తే మాత్రం నా గొంతుక అట్టుకుని నిలబడతాడేటి, పని సూసుకోమను" అన్నాడు.

గురువారం పది దాటాక, లారీలు తగ్గాక చేశాం. నువ్వు రాసిన కాగితం గోడకు అంటించి ఒక్కొక్కటే చదువుతూ చేశాను. మైకు పీట మీద పెట్టి టోపీ తొడిగాను. మీ అన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు పొద్దున గొంతు బాగుంది, ఎందుకో తెలియదు. పరీక్షకు మాట్లాడమంటే, "ఇదేటే, వంకాయకి టోపీ ఎట్టినట్టుంది. దీన్ని తినాలా, దీంతో మాటాడాలా?" అన్నాడు. తవిటమ్మ, "నీ పేరు సెప్పు నాన్నా" అంది. "నా పేరు మీ యమ్మనడుగు. పదేళ్ళయింది, దాని నోట ఒక్కపాలి ఇన్నానేటి? ఒలే సీతాలూ, నాకు సెప్పకులే, మిషనుకి సెప్పు. దానికి సెప్తే పాపం నేదు" అన్నాడు. నేను వెనక తలుపు దగ్గర ఉన్నాను. ఊరుకోండి అన్నాను.

ఆ తరవాత ఆపకుండా పావుగంట మాట్లాడాడు. నువ్వు ఆరేళ్ళప్పుడు హుమ్మలో ఉప్పు కుప్ప మీద నుంచి జారి, ఒళ్ళంతా గీరుకుపోయి మంటలని ఏడుస్తుంటే భుజాన వేసుకుని రంభ దాకా నడిచింది చెప్పాడు. "దారి పొడుగూ నా ఈపు మీద ముక్కు తుడిసినాడు, ఎదవ" అన్నాడు. గేదెను తిట్టాడు. దూడ పోయినందుకు నన్ను తిట్టాడు. కాసమ్మ మైకు గురించి అన్న మాట దానిలాగే గొంతు మార్చి అన్నాడు. తవిటమ్మ నేల మీద పడి నవ్వింది.

వాయించి చూశాం. చాలా బాగా పడింది. పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది. మేం నవ్వింది, నేనన్నది ఏదీ అందులో లేదు. ఎవరూ లేని చోట ఆయన ఒక్కడే కూర్చుని మాట్లాడినట్టుంది. బాగా పడింది కనుక నాలుగో నంబరులో నువ్వు రాసినట్టే మొదటికి తిప్పాను.

సోమేశ్వరరావు గారు రెండు బండ్లు పంపారు. ఆయనా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మీ అన్నయ్య తలపాగా చుట్టుకుని మొదలుపెట్టాడు. తవిటమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. గేదెను కూడా తోలేశాం. ఎవరం పలకలేదు. మొదటి క్యాసెట్టు రెండు పక్కలూ, రెండో దాంట్లో ఒక పక్కా నిండాయి. నాలుగో పక్కలో సగానికి గొంతు తెగిపోయింది. పెదాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. కుంచాలు మాత్రం చివరిదాకా కొలిచాడు. సోమేశ్వరరావు గారు లేచి, "సాల్లే కూర్మారావూ, సాల్లే" అన్నారు.

అప్పటి నుంచి మాట లేదు. గుసగుస కూడా నొప్పి. ముక్కలు విరిచేశాను. రేపు బరంపురం వెళుతున్నాం. తవిటమ్మ కాసమ్మ ఇంట్లో ఉంటుంది.

సీతాలు.

సూరత్,
1-12-1988

వదినకు నమస్కారాలు.

ఆపరేషను ఎలా అయిందో ఇంకా తెలియలేదు. నీ పంతొమ్మిదో తేదీ ఉత్తరమే నాలుగు సార్లు చదివాను. చెప్పినవన్నీ చెప్పినట్టు చేశావు. పరీక్ష మీద నుంచే చేసి మంచి పని చేశావు. ఆ పావుగంట వదిలేసి ఉంటే ఓ యాభై కుంచాల కొలత పోయేది.

ముసలాయనకు చెప్పాను. టేపు పంపితే దానికి నకలు తీసిస్తానన్నాడు. జగ్గన్న వచ్చేటప్పుడు మొదటి క్యాసెట్టు ఇచ్చి పంపు, మళ్ళీ భద్రంగా పంపిస్తాను. మా గదిలో మన వైపు వాళ్ళు ముగ్గురున్నారు, భంజనగర్ అతను ఒకడున్నాడు. అందరం కలిసి వింటాం.

అన్నయ్యకు బలమైన తిండి పెట్టు. ఎలా ఉన్నాడో రెండు ముక్కలైనా రాయి.

కొండబాబు.

కొత్తూరు,
18-12-1988

కొండబాబుకు,

ఆపరేషను ఆరు గంటలు పట్టింది. పదిహేను రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. పన్నెండున ఇంటికి వచ్చాం. మెడ కింద రూపాయి బిళ్ళంత చిల్లు ఉంది, దాని మీద తడిగుడ్డ కడుతున్నాను. దగ్గు అక్కడి నుంచే వస్తుంది. జావ తాగుతున్నాడు. నడుస్తున్నాడు. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు.

వచ్చిన రెండో రోజు ఆయన చెరువు వైపు వెళ్ళినప్పుడు తవిటమ్మ టేపు వెయ్యమంది. వేశాను. లాభం, లాభం. రెండు, రెండు. అది కాసేపు విని, "నాన్న మాటేదే అమ్మా? వంకాయ అన్నాడు కదా, అది ఎయ్యి" అంది. అది లేదన్నాను. నమ్మలేదు. రెండు క్యాసెట్లూ నాలుగు పక్కలూ వేయించింది. మూడు గంటల పైన విన్నాం. లాభం నుంచి ఇరవై దాకా, మళ్ళీ లాభం. మధ్యలో ఒక్క మాట లేదు. మంచినీళ్ళు కూడా చేత్తోనే అడిగాడు ఆ రోజు, కొలత ఆపకూడదు కనుక. ఎక్కడా నా పేరు లేదు, దాని పేరు లేదు.

మందులకు బరంపురం వెళ్ళినప్పుడు క్యాసెట్టు తీసుకెళ్ళి టేపులు బాగుచేసే అతన్ని అడిగాను, కింద పాతది ఉంటే తీయగలరా అని. "పలక తుడిసి రాశాక పాత అచ్చరం ఎక్కడుంటాదమ్మా" అన్నాడు. క్యాసెట్టు చేతిలో పెట్టాడు.

నీ తప్పని రాయడం లేదు. నాకు కొలత అక్కరలేదు. నేను అడిగింది కొలత కాదు. నువ్వు కొలత అనుకున్నావు, నేను కాదని రాయలేదు. రెండు ఉత్తరాల్లో రాయబోయి అటూ ఇటూగా రాశాను. మొగుడు ఇంట్లో మాట్లాడే మాటలు కావాలని మరిదికి ఎలా రాస్తారు? ఆయన్నే కూర్చోబెట్టి నాతో మాట్లాడమని ఎలా అడుగుతారు?

మొదటి క్యాసెట్టు జగ్గన్నకు ఇస్తాను. తిరిగి పంపకపోయినా పరవాలేదు.

సీతాలు.

సూరత్,
30-12-1988

వదినా,

ఉత్తరం అందింది.

నాలుగో నంబరు రాసింది నేనే. ఎదురుగా ఉన్నదే పట్టేది ఎంచింది నేనే. బొంబాయి నుంచి వచ్చేదాకా ఆపింది నేనే. ముందే స్టేషను దగ్గర ఉన్నదేదో కొని పంపి ఉంటే రెండు నెలలు ఉండేది చేతిలో.

ఒక సంగతి నీకు రాయలేదు. ఏడాదిగా నాకు ఎడమ చెవి పనిచేయడం లేదు. కుడిది సగం. ఈ మగ్గాల మధ్య పదేళ్ళు పనిచేసినవాళ్ళందరికీ అంతే. నాలుగు చప్పుళ్ళు కలిసి వస్తే నాకు మాట తెలియడం లేదు. అందుకే ఒక్క గొంతే పడేది కావాలని తిరిగాను. నీకోసం అడుగుతున్నట్టు నాకోసం అడిగాను.

నీ పంతొమ్మిదో తేదీ ఉత్తరం నా దగ్గరుంది. అన్నయ్య అన్న మాటలు అందులో రాసినవి ఉన్నాయి, వంకాయ సంగతి, ఉప్పు కుప్ప సంగతి. తిరిగి పంపాలా? తవిటమ్మకు చదివి వినిపించవచ్చు.

అన్నయ్య ఇప్పుడు నిన్ను ఎలా పిలుస్తున్నాడు?

కొండబాబు.

కొత్తూరు,
24-1-1989

చిరంజీవి కొండబాబుకు వదిన ఆశీస్సులు.

కోతలయ్యాయి. సోమేశ్వరరావు గారి కళ్ళానికి మీ అన్నయ్య వెళ్ళాడు. ఆయన టేపు కూడా తెమ్మన్నారు. "నీ గొంతుకే సెప్తాది, నువ్వు కొలుసుకో" అన్నారు. ధాన్యం పక్కన పెట్టి నొక్కాం. పది కుంచాల దాకా కుదిరింది. ఆయన చెయ్యి ఇప్పుడు నెమ్మది. గొంతు పన్నెండు అనేసరికి చెయ్యి పదకొండులో ఉంది. అది ఆగదు కదా. కళ్ళంలో అందరూ చూస్తున్నారు. మీ అన్నయ్య కుంచం బోర్లించి వెళ్ళి టేపు ఆపేశాడు. పోసింది మళ్ళీ రాశిలో కలిపాడు. తరవాత మిల్లువాళ్ళ మనిషి నిలబడి ఒడియాలో చెప్పాడు, ఏకొ, దుయి, తిని అని. ఆ లెక్కకు మీ అన్నయ్య సాయంత్రం దాకా కొలిచాడు. వచ్చి పడుకున్నాడు. కోపంగా లేడు.

నన్ను ఎలా పిలుస్తాడని అడిగావు. కుంచం మీద కర్రతో కొడతాడు. రెండు సార్లు కొడితే తవిటమ్మ. ఒక్కసారి కొడితే నేను. నిన్న కొడితే పిండి చేతులతో వెళ్ళాను. ఏం కావాలన్నాను. ఏమీ లేదని చెయ్యి ఊపాడు.

ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో. చదివితే నా గొంతు వస్తుంది, ఆయనది రాదు.

నీ చెవి సంగతి చెప్పాను. పలక తెమ్మన్నాడు. సంతకం, అంకెలు తప్ప రాయని మనిషి, చాలాసేపు కూర్చుని రాశాడు. ఆడి మాట పంపమను, అని. నీ చెవి ఇంకా ఉండగానే, నీ గొంతు బాగుండగానే అని నాకు అర్థమైంది. నిన్ను చూసి మూడేళ్ళయింది.

కనుక మైకు నీకే పంపుతున్నాను. జగ్గన్న ఫిబ్రవరి ఐదున బండి ఎక్కుతాడు. కొత్త బ్యాటరీ వేశాను. నువ్వు దాని ముందు కూర్చుని మాట్లాడు. ఏం వండుకున్నారు, గదిలో ఎవరు ఎవర్ని తిట్టారు, షేటు ఏమన్నాడు, అవి చాలు. పాటలు వద్దు, గట్టిగా అరవద్దు. పక్కవాళ్ళు మాట్లాడితే మాట్లాడనీ. ముందు ఎలా పడుతుందో చూడాలని నాలుగు మాటలు అంటావు కదా, ఆ తరవాత మొదటికి తిప్పకు. అదే పంపు.

వదిన సీతాలు.